రెండు వేలమంది ఉత్తుత్తి బావలు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ ‘కూల్చే అక్క’ అంటారు. పిలుపు కాస్త కరుగ్గా వినిపించినా, మనిషి మాత్రం చీమ అడ్డొస్తే పక్కకి తప్పుకునే రకం. ఆవిడ ఉద్యోగమే అంత. వేరేవాళ్లు నెలల తరబడి కష్టపడి తయారుచేసిన సర్వర్‌ని, జనం చేతికి వెళ్లకముందే పడగొట్టి చూపించాలి. పడకపోతే సంతోషం, పడితే ఇంకా సంతోషం.

ఈ పనిలోకి ముప్పై ఆరో ఏట వచ్చింది. అంతకుముందు ఎనిమిదేళ్లు ఒక ఫోన్ కంపెనీ ఫిర్యాదుల విభాగంలో కూర్చుని ముక్కూ మొహం తెలియనివాళ్ల చేత తిట్లు తింది. “తిట్లు పుట్టకముందే ఆపే ఉద్యోగం ఒకటి ఉందని తెలిశాక ఇంకా అక్కడెందుకుంటాను?” అంటుంది నవ్వుతూ.

ఆ ఏడాది వచ్చిన పని మంచినీళ్ల శాఖది. రెండు వేలమంది మీటర్ రీడర్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటరు అంకెలు ఫోన్‌లో ఎక్కిస్తారు. సిగ్నల్ లేనిచోట ఆ అంకెలు ఫోన్‌లోనే ఉంటాయి. సిగ్నల్ దొరికాక ‘పంపు’ అన్న మీట నొక్కితే అవి సర్వర్‌కి చేరతాయి, కొత్త ఇళ్ల జాబితా ఫోన్‌లోకి దిగుతుంది. ఫోన్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి ఉండకూడదు. అదీ సర్వర్ పని. ఉన్న పాత సర్వర్ చాలక ఇప్పుడు కొత్తది రాయించారు.

దాన్ని రాసినాయన్ని ‘మౌనంగారు’ అనేవాళ్లు. నలభై దాటిన మనిషి. కంప్యూటర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడడు.

రెండు వేలమందిని పిలిచి ఫోన్లు నొక్కించలేం కదా! అందుకని అక్క నాలుగు కంప్యూటర్లలో రెండు వేలమంది ఉత్తుత్తి రీడర్లను పుట్టించింది. ఒక్కొక్కడూ ఒక చిన్న ప్రోగ్రాం. పొద్దున్నే లాగిన్ అవుతాడు, తన వంతు నిమిషం చూసుకుని మీటరు అంకెలు ఎక్కిస్తాడు, పంపుతాడు, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు. పరీక్ష రెండు రోజులు నడిచింది. సర్వర్‌కి చెమట కూడా పట్టలేదు. మేనేజరు ఉత్సాహం పట్టలేక కేకు తెప్పించాడు. ఇంకో పది రోజుల్లో ప్రారంభం.

అక్క మాత్రం కేకు ముట్టుకోలేదు. ‘ఇంత బుద్ధిమంతులు నాకు ఫిర్యాదుల విభాగంలో ఒక్కరూ తగల్లేదే!’ అనిపించింది.

ఆదివారం వాళ్ల అక్కగారింట్లో భోజనం. ఆ ఇంటి పెద్దమనిషి, అంటే ఆవిడ బావ, పాతికేళ్లుగా మీటర్ రీడరు. మరదలు కనిపిస్తే ఆయనకి పండగ.

“ఏమోయ్ మరదలా, ఉన్నదాన్ని పడగొట్టడానికి కూడా జీతం ఇస్తారటగా? మీ అక్క పెళ్లయిన కొత్తలోనే నా సైకిల్ పడగొట్టావు, అప్పుడే ఇప్పించాల్సింది!”

“నీ సైకిల్ దానంతటదే పడింది బావా. సరేగానీ, మీరంతా ఫోన్లలోంచి రీడింగులు ఎప్పుడు పంపుతారు?”

“ఎప్పుడేమిటి? మీటర్లన్నీ మెట్ల కింద, నేలమాళిగల్లో. అక్కడ సిగ్నల్ ఎక్కడేడిచింది! ఒంటిగంటకి అందరం టీ కొట్టు దగ్గర చేరతాం. ప్రతి పేటలోనూ అంతే. అక్కడ వైఫై ఉంటుంది. అందరం ఒకేసారి నొక్కుతాం.”

“జవాబు రాకపోతే?”

“మళ్లీ నొక్కుతాను.”

“అప్పటికీ రాకపోతే?”

“టీ అయ్యేదాకా నొక్కుతూనే ఉంటాను. ఊరికే కూర్చోవడం ఎందుకని.”

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. “బావా, రేపు నీతో వస్తాను” అంది.

మర్నాడు సెలవు పెట్టి ఆయన వెంట కాళ్లరిగేలా తిరిగింది. ఒంటిగంటకి టీ కొట్టులో పదిహేనుమంది రీడర్లు. ఒకాయన సగం పంపి ఫోన్ కట్టేశాడు, చార్జింగ్ లేదని. ఒకాయన చుట్టం ఫోన్ తెచ్చుకుని తన పేరుతో లాగిన్ అయ్యాడు. ఇంకొకాయన ఏకంగా తలుపు తట్టినట్టు మీటని టకటకా కొడుతున్నాడు. అక్క అన్నీ కాగితం మీద రాసుకుంది.

మంగళవారం తన ఉత్తుత్తి రీడర్లకి ఆ బుద్ధులన్నీ నేర్పింది. రెండు వేలమందినీ ఒంటిగంట కొట్టగానే వదిలింది. నాలుగో నిమిషంలో సర్వర్ చతికిలపడింది. లేపి చూస్తే, ఒకే ఇంటికి ఆరేసి రీడింగులు ఎక్కి కూర్చున్నాయి.

మౌనంగారి మొహం మాడిపోయింది. “ఇలా ఎవరు నొక్కుతారండీ?” అన్నాడు.

“మా బావ నొక్కుతాడు.”

“ఒక్కరి కోసం...”

“ఒక్కరు కాదు సార్. రెండు వేలమంది బావలున్నారు.”

ఆయన తెరమీదున్న ఆ ఆరు రీడింగులనీ వేలితో లెక్కపెట్టాడు. తర్వాత ఏమనుకున్నాడో ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకి పక్క గదిలోవాళ్లు లేచి వచ్చి చూశారు.

అయిదు రోజులు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ప్రతి రీడింగుకీ ఒక గుర్తు తగిలించారు. అదే గుర్తుతో పదిసార్లు వచ్చినా సర్వర్ ఒకటిగానే తీసుకుంటుంది. సగంలో ఆగినది ఆగినచోటినుంచే మళ్లీ మొదలవుతుంది. జవాబు రాకపోతే ఫోన్లన్నీ ఒక్కసారిగా ఎగబడకుండా, ఒకటి మూడు సెకన్లు, ఒకటి పదకొండు, అలా తలో కాసేపు ఆగి అడుగుతాయి. అక్క రోజూ బావల మందని వదిలేది. సర్వర్ బుధవారం తూలింది, గురువారం రొప్పింది, శనివారం నిలబడింది. ఆదివారం ఆవిడ మూడు వేలమందిని వదిలి చూసింది. అప్పటికీ నిలబడింది.

ప్రారంభం రోజు అక్క ఆఫీసులో ఉండలేకపోయింది. మౌనంగారిని కూడా లాక్కుని టీ కొట్టుకి వెళ్లింది. ఒంటిగంటయింది. బావ మీట నొక్కాడు. టీ గ్లాసు ఎత్తేలోపు ‘చేరింది’ అని వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. ‘ముందే చేరింది’ అని వచ్చింది.

“అంతేనా?” అన్నాడు ఆయన, చేతిలో పని లాగేసుకున్నట్టు.

“అంతే బావా. ఇక టీ తాగు.”

పక్క బల్లమీది రీడరొకాయన మౌనంగారి వైపు తిరిగి, “ఇది చేసింది మీరటగా? అయితే నేలమాళిగలో అక్షరాలు కనపడటం లేదు, కాస్త పెద్దవి చేయండి సార్” అన్నాడు. మౌనంగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, “ఎంత పెద్దవి కావాలి? ఇలా చూపించండి” అంటూ ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వాళ్లిద్దరూ అక్షరాల దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. ఎంతకీ లేవకపోయేసరికి అక్క ఒక్కతే నవ్వుకుంటూ ఆఫీసుకి నడిచింది.

బల్లమీద కొత్త పని కాగితాలు ఎదురుచూస్తున్నాయి. ఈసారి అంబులెన్సులవాళ్లది. ఆవిడ మొదటి పేజీ చదివి, పక్కన పెట్టేసి, ఫోన్ అందుకుంది.

“హలో, డ్రైవరుగారా? రేపు పొద్దున మీ బండి ముందు సీట్లో నాకు కాస్త చోటుంటుందాండీ?”