క్యోటో వీధిలో రెండు కప్పులు

దయ్యాలనీ, గాలి సోకడమనీ అంటే నాకు చిన్నప్పటి నుంచి నమ్మకం లేదు. గద్వాల కోట వెనక ఒక కూలిన బురుజు ఉండేది. అక్కడ ఏదో ఉందని మా వాడకట్టు వాళ్ళంతా చుట్టు తిరిగి పోయేవాళ్ళు. నేను అడ్డంగా నడిచి పోయేవాడిని. మగ్గం నేసేవాడిని నేను. కంటికి కనబడేది, వేలికి తగిలేది తప్ప ఇంకొకటి ఉందని ఎన్నడూ అనుకోలేదు. ఇది వేరేవాళ్ళు చెప్పి ఉంటే నేనూ నమ్మకపోదును.

యుద్ధానికి కొన్నేళ్ళ ముందు సంగతి. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టు అప్పట్లో జపాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చేది. ఒక ఏడాది వచ్చిన సరుకు అస్సలు బాగా లేదు. మాటిమాటికి తెగేది. రంగు ఒకచోట పట్టి, జానెడు అవతల పట్టేది కాదు. మా చీరలు కొనే సావుకారు విసిగిపోయి, తానే వెళ్ళి చూసి తెస్తానన్నాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. పోగును రెండు వేళ్ళ మధ్య నలిపి మంచిచెడ్డలు చెప్పడంలో నాకు కొంచెం పేరుండేది.

మాకు పెళ్ళై అప్పటికి మూడేళ్ళు. నా భార్య శివమ్మది రాజోలి, తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. నేను మగ్గం గుంటలో కూర్చుంటే ఆమె పక్కనే నూలు కండెలు చుట్టేది. మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదు కదా. నన్ను పిలవాలంటే "ఇగో, ఇటు సూడు జర" అనేది. చివరి మాట కొంచెం సాగదీసేది. పొద్దంతా ఆ మాట ఇరవైసార్లు వినేవాడిని.

నాలుగు నెలలు పడుతుందని చెప్పినప్పుడు ఆమె "అన్ని దినాలా?" అంది. నేను బయలుదేరిన మర్నాడే పుట్టింటికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది.

రాయచూరు దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి బొంబాయికి రైలు, ఆ తర్వాత ఓడ. నెల దాటాక కోబే అనే రేవులో దిగాం. అక్కడ మన దేశపు వర్తకులు చాలామంది ఉన్నారు. వాళ్ళ దగ్గర పనిచేసే ఒక గుజరాతీ గుమాస్తాను మాకు తోడిచ్చారు. అతనికి జపాన్ భాష బాగా వచ్చు. మాతో ఉర్దూలో మాట్లాడేవాడు.

పట్టు చూడడం, ఏరడం పది రోజుల్లో అయిపోయింది. తిరుగు ఓడకు ఇంకా టైముంది. దగ్గర్లోనే క్యోటో అనే పాత రాజధాని ఉందనీ, అక్కడ మా లాంటి నేతగాళ్ళ పేట ఒకటి ఉందనీ గుమాస్తా చెబితే సావుకారు సరే చూద్దామన్నాడు.

శ్రావణమాసం అది. మా గద్వాల ఎండ ఒంటిని ఎండగడుతుంది. ఆ ఊరి ఎండ ఉడకబెడుతుంది. మూడు వైపులా కొండలు, ఆకు కదలదు. చెట్ల నిండా ఏవో పురుగులు చెవులు దిబ్బళ్ళు పడేలా రొద చేస్తుంటాయి. ఇళ్ళన్నీ కొయ్యవి, సన్నగా, లోతుగా ఉంటాయి. కిటికీలకు చెక్క పుల్లల తడికెలు, వాటి మీద వెదురు తెరలు. మా తలలకు చుట్టిన రుమాళ్ళు చూసి ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వాక తప్పు చేసినట్టు వంగి దండం పెట్టేవాళ్ళు.

రెండు రోజులు ఊరంతా తిరిగాం. కొండవాలు మీద పెద్ద పెద్ద దూలాలెత్తి కట్టిన గుడి చూశాం. దాని వసారాలో నిలబడితే కింద ఊరంతా బూడిదరంగు పెంకులే. ఊరి మధ్యలో ఒక ఏరు, మోకాలి లోతు నీళ్ళు. నీళ్ళ మీదికి మంచెలు కట్టుకుని జనం కూర్చుని తింటున్నారు. ఎండాకాలంలో రాజోలి దగ్గర తుంగభద్ర అట్లాగే బండల మధ్య పాయలుగా పారుతుంది. ఏది చూసినా ఆమెకు చూపించాలని పక్కకు తిరిగేవాడిని. పక్కన సావుకారు చెమట తుడుచుకుంటూ ఉండేవాడు.

మూడో రోజు శ్రావణంలో రెండో సోమవారం. సావుకారు శ్రావణ సోమవారాలు ఒక్కపొద్దు ఉంటాడు కాబట్టి ఆ వారం నాకు బాగా గుర్తు. మిట్టమధ్యాహ్నం నేతగాళ్ళ పేటకు వెళ్ళాం. రెండు వైపులా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. వాళ్ళ మగ్గం వేరు, కానీ చప్పుడు మాత్రం మాదే. నా కాళ్ళు వాటంతట అవే ఒక ఇంటి ముందు ఆగిపోయాయి. సావుకారు, గుమాస్తా ముందుకు నడిచి మలుపు తిరిగారు. వీధిలో ఎదురింటి ముందు ఒక ముసలామె తప్ప ఎవరూ లేరు. ఆమె చేతిలో చెక్క బాల్చీ, పొడుగు కాడ గరిటె. వేడి తగ్గడానికి అక్కడ వాళ్ళు వీధిలో నీళ్ళు చల్లుతారు.

నేను తడికెలోంచి లోపలి మగ్గాన్ని చూస్తున్నాను. వెనక నుంచి, నాలుగడుగుల దూరంలో, "ఇగో, ఇటు సూడు జర" అని వినపడింది.

అది శివమ్మ గొంతే. పోలిక కాదు, భ్రమ కాదు. చివరి మాట సాగదీయడంతో సహా ఆమెదే.

నేను తిరగలేదు.

తెలియని చోట వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తిరగొద్దని మా అమ్మ చిన్నప్పుడు చెప్పేది. ఆ మాటలకు నవ్వేవాణ్ణి. అట్లాంటివాడిని ఆ వీధిలో మెడ కొయ్యబారిపోయి నిలబడ్డాను. రెండోసారి కూడా పిలిచింది. ఈసారి గొంతు కొంచెం సన్నబడింది. తడికె పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

ఎంతసేపైందో తెలియదు. కళ్ళు తెరిచి తిరిగేసరికి వీధిలో ముసలామె ఒక్కతే ఉంది. బాల్చీ కింద పెట్టి, నా పక్కనున్న ఖాళీ జాగా వైపు చూస్తోంది. నన్ను రమ్మని సైగ చేసి, అరుగు లాంటి గడప మీద కూర్చోబెట్టింది. లోపలికి వెళ్ళి ఏవో వేయించిన గింజలతో కాచి చల్లార్చిన నీళ్ళు రెండు కప్పుల్లో తెచ్చింది. ఒకటి నా చేతికిచ్చింది. రెండోది నా పక్కన పెట్టింది. ఆమె తాగుతుందేమో అనుకున్నాను. ముట్టుకోలేదు.

నన్ను వెతుక్కుంటూ గుమాస్తా వెనక్కి వచ్చాడు. ముసలామె అతనితో చాలాసేపు మాట్లాడింది. అతను నా వైపు వింతగా చూసి, "మీతో వచ్చిన అమ్మ ఏదని అడుగుతోంది" అన్నాడు. చెప్పుల్లేకుండా మండే రాళ్ళ మీద నిలబడి ఉంటే చూడలేక, ఆ అమ్మ కాళ్ళ మీద తానే నీళ్ళు పోసిందట.

మాతో ఎవరూ రాలేదని చెప్పమన్నాను. ముసలామె ఒప్పుకోలేదు. తన ముక్కుకు ఈ పక్కన ఒకసారి, ఆ పక్కన ఒకసారి వేలు పెట్టి చూపించింది. శివమ్మకు రెండు వైపులా ముక్కుపుడకలు. ఆ దేశంలో ఆడవాళ్ళు ముక్కు కుట్టించుకోరు.

శివమ్మ ఇక లేదని నాకు తెలిసిపోయిందనుకున్నాను. చనిపోతూ నన్ను చూడ్డానికి అంత దూరం వచ్చింది, నేను మొహం చూపించలేదు. నెల రోజుల పాటు సముద్రం మీద ఆ ఒక్క ఆలోచనే.

రాయచూరు స్టేషనుకు శివమ్మ అన్న బండి కట్టుకుని వచ్చాడు. సామాను బండిలో వేస్తూ అతనే అన్నాడు.

"చెల్లె రాజోలిలనే ఉన్నది బావా. చలిజ్వరమొచ్చి శానా పరేషాన్ చేసింది. ఇప్పుడు జర నయమున్నది."

నేను బండి చక్రం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

రాజోలి చేరి చూస్తే శివమ్మ చిక్కి సగమై ఉంది. నన్ను చూడగానే ఏడవలేదు, నవ్వలేదు. మంచినీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి, మెల్లగా అడిగింది.

"అన్నిసార్లు పిలిస్తె ఎందుకు తిరగలే నువ్వు?"

నేను ఇంకా ఒక్క మాటా చెప్పలేదు. సావుకారుకు కూడా సగమే చెప్పాను, అతను రాయచూరులోనే మమ్మల్ని వదిలి గద్వాలకు పోయాడు.

ఆమె వరసగా చెప్పుకుపోయింది. కొయ్య ఇళ్ళ సందు. రాళ్ళు పరిచిన నేల కాలుతోంది. నేను తడికె పట్టుకుని నిలబడి ఉన్నాను, వీపు కనబడుతోంది. ఒక అవ్వ గరిటెతో కాళ్ళ మీద నీళ్ళు పోసింది. "పాణం సల్లగైంది. ఆమెకు దండం పెట్టిన. నువ్వు తిరగకపోయేసరికి ముందుకు పోయిన. మలుపు అవతల మోకాలెత్తు రాతి దేవుడున్నడు. మెడకు ఎర్ర గుడ్డ కట్టిండ్రు. నీకు సూపెడ్దామనుకున్న."

జ్వరం ముదిరింది ఏ రోజని మా అత్తను అడిగాను. ఆమె కల్లలాడే మనిషి కాదు.

"శ్రావణంల రెండో సోమవారం పొద్దున. పిల్ల సప్పుడు లేకుంట పడున్నది. ఇగ అయిపోయిందనుకున్నం. జర సేపటికి కండ్లు తెరిచి నీళ్ళడిగింది. కాళ్ళు ముట్టుకుంటె తడితడిగ ఉన్నయయ్యా. జ్వరం చెమటనుకున్న. చెమటైతె పాదాలకే ఎందుకు పడ్తది?"

పొద్దున అనేసరికి నాకు కొంచెం ధైర్యమొచ్చింది. నాకు జరిగింది మధ్యాహ్నం కదా. తర్వాత గద్వాలలో సావుకారును అడిగితే, అక్కడ మధ్యాహ్నమైతే మనకు పొద్దు ఎక్కుతూ ఉంటుందన్నాడు. ఇక లెక్క సరిపోయింది.

ఎందుకు తిరగలేదన్నదానికి మాత్రం నేను అబద్ధం చెప్పాను. వినపడలేదన్నాను. దయ్యమనుకుని నీకు భయపడ్డానని కట్టుకున్న దానికి ఎట్లా చెప్పను? ఆమె సరే అని ఊరుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో "ఇగో" అనే పిలుపు ఆగిపోయింది. ఏదైనా కావాలంటే లేచి నా ఎదురుగా వచ్చి నిలబడి చెప్పేది. నాకు అది ముల్లు గుచ్చినట్టుండేది.

సావుకారును బతిమాలి కోబే గుమాస్తాకు జాబు రాయించాను. మలుపు అవతల ఏముందో ఒక్కసారి చూసి రాయమని. నేను ఆ మలుపు దాటలేదు, దాటిన సావుకారు అక్కడేమీ గమనించలేదు. ముసలామె ఇంటి దగ్గర నుంచి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయాం. జవాబు రావడానికి చాలా నెలలు పట్టింది. మలుపు దాటగానే చిన్న రాతి విగ్రహం ఉందనీ, మెడకు ఎర్రగుడ్డ ఉందనీ రాశాడు. ముసలామె అతన్ని గుర్తుపట్టి, ఆ అమ్మ క్షేమంగా ఇల్లు చేరిందా అని అడిగిందట. అట్లాంటి విగ్రహాలు ఆ ఊళ్ళో వీధికొకటి ఉంటాయని సావుకారు తీసిపారేశాడు. ఉండొచ్చు.

జాబు చదివి వినిపిస్తే శివమ్మకు ఆశ్చర్యమే కలగలేదు. ఆమె అట్లా తలవంచుకుని కూర్చుంటే నాకు ఇక ఆగలేదు.

"నాకు వినపడ్డది శివమ్మా. రెండుసార్లు వినపడ్డది. భయపడి తిరగలే" అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తలెత్తి నా మొహంలోకి చూసింది.

"వినపడ్డదా?" అంది. "నిజంగ? మరి ఇన్ని దినాలు సెప్పకపోతివి. జ్వరంల నేనొక్కదాన్నే పిచ్చిగ తిరిగొచ్చిన అనుకుంటున్న."

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. సాయంత్రం నేను మగ్గం మీద ఉంటే, వంటింట్లోంచి "ఇగో, ఇటు సూడు జర" అంది. అడ్డపోగు వేసే నాడె చేతిలోంచి జారిపోయింది. ఏమిటని తిరిగితే, ఊరికే పిలిచానంది.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. జపాన్ పట్టు ఆగిపోయి మైసూరు పట్టుతో నేశాం. ఆ దేశంలో ఊళ్ళకు ఊళ్ళు కాలిపోతున్నాయని సావుకారు పేపరు చూసి చెప్పిన రోజు శివమ్మ అన్నం ముట్టలేదు. "ఆ అవ్వ ఏమైందో" అని రెండు మూడుసార్లు అంది. క్యోటో మీద బాంబులు పడలేదని యుద్ధమయ్యాక తెలిసింది. ముసలామె సంగతి తెలిపేవాళ్ళు లేరు. గుమాస్తా కోబే వదిలి ఎటో వెళ్ళిపోయాడు.

ఓడలు మళ్ళీ నడుస్తున్నాయా అని శివమ్మ అప్పుడప్పుడు అడుగుతుంటుంది. నడుస్తున్నాయి, పోదాం అంటాను. పోలేమని ఇద్దరికీ తెలుసు. ఆ వీధి మీద పడినంత బెంగ, తాను పుట్టిన రాజోలి మీద కూడా ఆమె పడగా నేను చూడలేదు. రాయచూరు దాటి ఎరగని మనిషి అక్కడికి ఎట్లా వచ్చిందో, ఆమె పాదాల మీద ఆ తడి ఎక్కడిదో, ఎంత ఆలోచించినా నాకు అంతు దొరకలేదు. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను అనను.

నేను జపాన్ వెళ్ళొచ్చానని విని ఎవరెవరో ఇంటికి వచ్చి ఆ ఊరి సంగతులు అడుగుతారు. నాకు చాలా మటుకు మరుపుకొచ్చాయి. మధ్యలో నేను తడుముకుంటుంటే శివమ్మ లోపలి నుంచి అందుకుని చెబుతుంది. ఇళ్ళ రంగు, రాళ్ళ వేడి, ఏ ఇంటి పక్కన ఏ మొక్క ఉందో అన్నీ చెబుతుంది. వినేవాళ్ళు ఆమె కూడా నాతో వచ్చిందనుకుంటారు.

నేను కాదనను.