దిండు గలీబు

పెద్దపల్లి నుంచి గోదావరిఖని వెళ్ళే బస్సులో ఒక ముసలావిడ నా పక్కన కూర్చుంది. ఆమె పేరు నేను అడగలేదు. మాది ఒకప్పుడు మంథనిలో పెద్ద ఇల్లు. ఆస్తులు పోయాయి గానీ, మా ఇంటి మాటకు తిరుగులేదన్న గర్వం నాలో పోలేదు.

"ఏం పని జేస్తవ్ బిడ్డా?" అందామె.

పెట్రోలు తీసే నూనె బావుల్లో అన్నాను. పంపులకు అందని నూనె భూమిలోపల రాతిని పట్టుకొని ఉంటుందనీ, ఉప్పు తగ్గించిన నీళ్ళలో సబ్బులాంటి మందు కలిపి పంపితే ఆ పట్టు వదులుతుందనీ చెప్పాను.

"అంత వదుల్తదా?"

"అంతా రాదు అవ్వా. ఎంత చేసినా కొంత రాతిలోనే ఉండిపోతుంది."

ఆమె సంచిలోంచి ఒక దిండు గలీబు తీసింది.

"నా కొడుకుది. బొగ్గుబాయిల పనిజేస్తుండె. పోయిన నెల సచ్చిపోయిండు. దీనికి వాని తలనూనె వాసన ఉంటుండె. కోడలు తెల్వక సర్ఫుల నానబెట్టి ఉతికింది. నాది ముసలి ముక్కు, నాకొస్తలేదు. నువ్వు జర సూడు బిడ్డా, కొంతన్న ఉన్నదా?"

పరాయివాళ్ళ గుడ్డ ఎన్నడూ ముట్టనివాణ్ణి, రెండు చేతులా అందుకొని ముఖానికి ఆనించుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

"ఉంది అవ్వా," అన్నాను.