యాకోబు డప్పు, నా పట్టీ

గోదావరి మీద రైలు వంతెన కట్టక ముందు మాట. ఒక జూన్ నెలలో నన్ను ధవళేశ్వరం దిగువన, కాలవ గట్టునున్న చిన్న పల్లెకు ఉపదేశిగా వేశారు. ఉపదేశి అంటే పాదిరి కాదు, ఆయన కింద పనివాడు. పాఠం చెప్పడం, ప్రార్థన నడపడం మా వంతు. రొట్టె విరిచి సంస్కారం ఇచ్చే అధికారం పాదిరి దొరగారిదే. ఆయన మూడు నెలలకొకసారి పడవ మీద వచ్చేవారు. ఆ రోజు ఎవరెవరు రొట్టె తీసుకోవచ్చో పట్టీ రాయడం మాత్రం నా చేతిలో ఉండేది. ఆ పట్టీ చూసుకుంటే నాకు కాస్త గర్వంగానే ఉండేది, దాచడమెందుకు?

యాకోబుది తరతరాలుగా జాతర్లకు డప్పు కొట్టే ఇల్లు. బాప్తిస్మం నాడు ఇక డప్పు ముట్టనని మాటిచ్చాడు. ముడితే సంస్కారానికి దూరం పెట్టాలన్నది మా నియమం. దొరగారు రావలసిన ఒక ఆదివారం అమ్మవారి జాతర వారంలోనే పడింది. శనివారం తెల్లవారుతుండగా డప్పు వినబడింది. అతని బాప్తిస్మానికి ముందు విన్న దెబ్బే, యాకోబుదేనని గుర్తుపట్టాను. తలుపు వేసుకుని గట్టిగా కీర్తన అందుకున్నాను. పొద్దెక్కాక పట్టీలో అతని పేరు కొట్టేసి, ఊళ్ళోకి వెళ్ళకుండా ఎగువ చివరనున్న నా ఇంటి నుంచే దొరగారిని తీసుకురావడానికి ధవళేశ్వరం వెళ్ళిపోయాను. మర్నాడు సరిగ్గా ప్రార్థన వేళకు ఆయనతోనే పడవలో తిరిగొచ్చాను.

ప్రార్థన పాకలో దొరగారు పట్టీ చదివారు. తన పేరు లేకపోయేసరికి యాకోబు లేచి, బయట చూరు కింద కూర్చున్నాడు. అప్పుడు మరియమ్మ అనే ముసలామె లేచింది.

"నిన్న ఊరి దిగువన కాలవ గట్టు తెగితే ఊరిని లేపింది ఆ డప్పేనండి అయ్యగారూ. మా మనవలు నీళ్ళపాలు కాలేదంటే యాకోబు వల్లేనండి. ఆయన్ని బయట కూర్చోబెట్టి తింటే ఆ రొట్టె నాకు గొంతు దిగదండి."

ఆమె వెళ్ళి అతని పక్కన కూర్చుంది. వెనకే ఒక్కొక్కరూ వెళ్ళారు. రొట్టె పళ్ళెం ముందు దొరగారూ నేనూ మిగిలాం.

అతన్ని అడిగావా అన్నారు దొరగారు. లేదన్నాను. బయటికి వెళ్ళి, ఎందుకు చెప్పలేదయ్యా అని యాకోబును అడిగాను.

"ముట్టనని మాటిచ్చానండి. ముట్టానండి. మీరు చేసింది న్యాయమే కదండీ" అన్నాడు.

దొరగారు పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చారు. పళ్ళెం పెట్టే బల్ల నేనే మోసుకొచ్చాను. మొదటి ముక్క యాకోబుకిచ్చారు.

ఇప్పుడు పాదిరులయ్యేవాళ్ళ బడుల్లో క్రైస్తవ సంఘమంటే ఏమిటని లావుపాటి పుస్తకాలు చదువుతున్నారు. చదవాల్సిందే. నాకు తెలిసింది ఇంతే: ఆ పూట సంఘం చూరు కింద ఉంది, నా చేతిలో ఉన్నది పట్టీ. తరువాతి ఇరవై ఏళ్ళలోనూ పేర్లు కొట్టేశాను. ఆ మనిషి ఇంటి గడపలో కూర్చుని అడగకుండా మాత్రం ఒక్క పేరూ కొట్టలేదు.