బాలమ్మ చేనులో పడిన చమురు

డిసెంబరు రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, పెద్దమందడి మండలంలోని ఒక ఊళ్లో చమురు పడింది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లకు నా మీద ఇంకా కోపం ఉంది, నేనేమో ఆ ఊరి మీదుగానే బస్సులో తిరగాలి.

అప్పుడు నేను బోరుబండి మీద పెద్ద డ్రిల్లర్‌ని. బోరుబండి అంటే రెండు లారీలు. ఒకదాని మీద తవ్వే మిషన్, ఇంకోదాని మీద గాలి కొట్టే కంప్రెసర్. హోదాల సంగతి చెప్పాలంటే ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, ఏజెంటు ఫోన్లో ఉంటాడు, డ్రిల్లర్ దుమ్ములో ఉంటాడు. రాడ్లు మార్చే బుధ్‌రామ్, సుకులాల్ అని ఛత్తీస్‌గఢ్ మనుషులిద్దరు నాకన్నా ఎక్కువ దుమ్ములో ఉండేవారు. మాది గద్వాల వైపు. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. అందుకని చుట్టూ తిప్పి రాయడం చేతకాదు.

మమ్మల్ని పిలిపించింది బాలమ్మ అనే రైతు. రెండెకరాల పల్లి చేను, పాత బోరు ఎండిపోయింది. పల్లి చెట్టు పూత పూశాక ఊడలు మట్టిలోకి దిగుతాయి, ఆ ఊడ చివరే కాయ కడుతుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు. ఆమె చేను సరిగ్గా ఆ దశలో ఉంది. వారంలోగా తడి అందకపోతే మిగిలేది పశువులకు వేసే ఆకే.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీళ్లు చూసే ఆయన పడమటి గట్టున పాయింట్ పెట్టాడు. ఆ గట్టు అవతల ఎండిపోయిన పాతబావి ఉంది. దాని వెనక హైవే, హైవేను ఆనుకొని లారీ మెకానిక్ షెడ్లు. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఊళ్లో వాళ్లు గుర్తుపెట్టుకోలేదు.

పైన మొరం అనే వదులు మట్టి ఉంటుంది. అది కూలకుండా కేసింగ్ అనే ప్లాస్టిక్ పైపు దింపి తర్వాత రాయిలోకి పోతాం. ఒక్కో రాడ్ ఇరవై అడుగులు. మూడో రాడ్ దిగుతుండగా తెల్లగా రావాల్సిన దుమ్ము నల్లబడింది, ఆ తర్వాత బురదైంది. బురద మీద నెమలి ఈకలా మెరిసే పొర తేలింది. వాసన గట్టిగా కొట్టింది. చూడవచ్చిన వాళ్లలో ఒకడు పాత గుడ్డ ముంచి అగ్గిపుల్ల గీశాడు. గుడ్డ దివిటీలా మండింది.

మాజీ సర్పంచ్ వెంకట్రాములు అప్పుడే బైక్ దిగాడు. గుడ్డను చూశాడు, నన్ను చూశాడు.

"మిషన్ బంద్ వెట్టు పెద్దమనిషీ! ఇంకా కిందికి పోతె నూనె లోపలికి జారిపోతది."

"నూనె కాదు సర్పంచ్ సాబ్, ఇది కాలిన ఆయిలు వాసన," అన్నాను.

"నీకేం ఎర్క? నువ్వు నీళ్ల డ్రైవర్‌వి."

మధ్యాహ్నానికి చమురు పరిరక్షణ కమిటీ పుట్టింది. సాయంత్రానికి కొత్తకోట నుంచి ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద నడిసముద్రంలో నిలబడ్డ ఇనుప కట్టడం ఒకటి, చుట్టూ పదకొండు మంది నాయకుల తలకాయలు. చేను ఎవరిదో ఆ బాలమ్మ తలకాయ మాత్రం లేదు. ఫ్లెక్సీ కట్టడానికి కర్రలు పాతింది ఆమె పల్లి సాళ్లలోనే.

మర్నాడు జిల్లా నుంచి ఒక ఆఫీసరు సారు వచ్చి రెండు సీసాల్లో బురద పట్టుకెళ్లారు. రిపోర్టు వచ్చేదాకా ఆ బోరును ముట్టొద్దని నోటిమాటగా చెప్పారు. రిపోర్టు ఎప్పుడొస్తుందని బాలమ్మ అడిగింది. వస్తుందన్నారు. అందాకా మా బండ్లను కమిటీ ఊరు దాటనివ్వలేదు.

ఇక ఊరు చమురు దేశమైపోయింది. పైవాడ, కిందివాడ వాటాల మీద కొట్లాటకు దిగాయి. నూనె పల్లానికి పారుతుంది గనుక ఎక్కువ వాటా తమదేనని కిందివాడ. కిందికి పారే ముందు తమ కింద నుంచే పారింది గనుక తమదేనని పైవాడ. కూలీకి పిలిస్తే ఎవరూ రాలేదు. రేపు కంపెనీలో సూపర్‌వైజరు కాబోయేవాడు ఇవాళ ఉల్లి మడిలో కలుపు తీస్తాడా? ఒకాయన కాడెద్దులను అమ్మేసి నల్లద్దాలు కొనుక్కున్నాడు. ఆ అద్దాలతో మా బోరు గుంతలోకి తొంగిచూసి, లోపలంతా నల్లగా ఉందని అందరికీ సాక్ష్యం చెప్పాడు.

ఊళ్లో చమురు దేశం కళ్లతో చూసిన మనిషి ఒక్కడే, ఏసోబు. చర్చి పక్క ఇల్లు. తండ్రి తట్ట మోయడానికి బొంబాయి దాకా పోతే, ఏసోబు పైపులు పరచడానికి ఆఫ్రికాలో ఒక దేశం దాకా పోయాడు. అక్కడ అప్పుడప్పుడే చమురు పడింది. నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు. కమిటీ అతన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పమంది.

"ఏం జెప్పాలె అన్నా! నూనె వడ్డంక ఆడ ఎవ్వడు ఎవుసం జెయ్యలే. ఉల్లిగడ్డ గూడ ఓడలల్ల వస్తుండె."

"అంటే కష్టపడకుంట ఉల్లిగడ్డ ఇంటికాడికే వస్తదన్నట్టు," అన్నాడు వెంకట్రాములు. జనం తలలూపారు.

"అట్ల గాదే! కొననీకి పైసలుండాలె గద. పైసలన్ని పెద్దోల్ల కాడికి, ఆడికెల్లి బయట దేశానికి పోతుండె. పెట్రోలు తీసే ఊర్లనే పెట్రోలుకు లైన్ల నిలవడ్డం."

"లైన్లంటే గిరాకీ ఉన్నట్టే గదరా."

"తాగే నీళ్లు నూనె వాసన గొట్టేది. వాగుల చాపలు సచ్చి తేలినయి. సీసా నీళ్లు దప్ప గతి లేకుండె."

"సీసా నీళ్లంటె సాబులు తాగే నీళ్లే! ఇన్నరా, మనూరు గూడ సీసా నీళ్లు తాగుతదంట!"

చప్పట్లు కొట్టారు. ఏసోబు కుర్చీలోంచి లేచాడు. తర్వాత మా లారీ నీడలోకి వచ్చి కూర్చుని, "అన్నా, నేను తెలుగులనే జెప్పిన గద?" అని అడిగాడు. తెలుగులోనే చెప్పావన్నాను.

శుక్రవారం పొద్దున బాలమ్మ ఒక పల్లి చెట్టు పీక్కొని కమిటీ ముందుకు వచ్చింది. ఊడలు మట్టి తాకకుండానే కొసలు నల్లబడి వేలాడుతున్నాయి.

"సూడుండ్రి. ఇంకో మూడు దినాలైతే ఇది మేకలకే. గా షెడ్లోల్లు డ్రమ్ముల కొద్ది కాలిన ఆయిలు, ఇంజన్లు కడిగిన డీజిలు పాతబాయిల వంపుతుంటె మీరెవ్వరు సూడలేదా? పొద్దుమూకితె గా బాయి గడ్డ మీద్నే కూసోని కల్లు తాగుతరు గదరా అందరు!"

అందరూ చూసినవాళ్లే. మంగళవారం దాకా ఆ బావి పక్కనుంచి పోతూ ముక్కు మూసుకున్నవాళ్లే. ఊరు ఊరంతా కలిసి ఒక విషయం మరిచిపోవడం నేను అప్పుడే చూశాను. చివరికి ఎవరో నెమ్మదిగా, "అయ్యుంటది. అయినా రిపోర్టు రానియ్యి అక్కా," అన్నారు.

బాలమ్మ చెట్టును కింద పడేసి నా వైపు తిరిగింది. "అన్నా, ఆ బోరు ముట్టొద్దన్నడు సారు. నా చేను ముట్టొద్దనలే గద? తూర్పు గట్టున ఎయ్యి."

కమిటీ అడ్డుపడుతుందనుకున్నాను. వెంకట్రాములు ఒక నిమిషం ఆలోచించాడు. ఆయన మొహం వెలిగింది. "ఎయ్యనీయుండ్రి. రెండో నూనె బాయి గూడ మనదే!" అన్నాడు.

శనివారం ఊరంతా తూర్పు గట్టున ఉంది. డబ్బాలు, బిందెలు, సీసాలు, ఒక సైకిలుకు కట్టిన పాలక్యాను. ఈసారి కొబ్బరికాయను పాయింట్ చూడటానికి కాదు, మిషన్‌కు కొట్టడానికి తెచ్చారు. దుమ్ము తెల్లగానే వచ్చింది. పదో రాడ్ దాకా తెల్లదుమ్మే. పన్నెండో రాడ్ సగం దిగినప్పుడు కంప్రెసర్ మోత మారింది. ఆ మోత తెలిసినవాడిని, వెనక్కి జరగమని అరిచాను. నీళ్లు మిషన్ తలకన్నా ఎత్తుకు లేచాయి. మట్టి రంగు పోయి, చూస్తుండగానే తేటగా అయ్యాయి.

నేను ఎన్నో చేలల్లో నీళ్లు తెప్పించాను. నీళ్లు పడితే మా తట్టు మనుషులు బట్టలతోనే తడుస్తారు, ఏడుస్తారు, డ్రిల్లర్ కాళ్లు కూడా మొక్కుతారు. నీళ్లు లేకనే ఈ జిల్లాల నుంచి తరాల తరబడి మూటలు కట్టుకొని పోయినవాళ్లం. అట్లాంటి చోట రెండించుల నీళ్లను చూసి ఒక ఊరు ఊరంతా మొహం మాడ్చుకుంది.

"థూ, నీళ్లేనా!" అన్నాడు నల్లద్దాల ఆయన. ఒక్కొక్కరే బిందెలు చంకన పెట్టుకొని వెళ్లిపోయారు.

చేను సగం దక్కింది. మిగతా సగంలో ఊడలు అప్పటికే ఎండిపోయాయి. ఫ్లెక్సీ కర్రలు పాతిన సాళ్లలో ఏమీ రాలేదు. కలుపు తీయని ఉల్లి మడులు గడ్డికే పోయాయి. తర్వాత రిపోర్టు వచ్చింది, వాడిన ఇంజన్ ఆయిల్, డీజిల్ అని. పైవాళ్లు రిపోర్టు మార్చి చమురును దాచిపెట్టారని ఆ ఊళ్లో ఇప్పటికీ నమ్ముతారు. ఇంకో నమ్మకం కూడా ఉంది. తూర్పున బోరు వేసి, లోపలి చమురు మీదికి నీళ్లు వదిలి, దాన్ని పాడుచేసింది నేనేనట. ముందు చెప్పిన కోపం అదే. షెడ్ల వాళ్లు ఇప్పటికీ ఆ బావిలోనే పోస్తున్నారు, వాళ్ల మీద మాత్రం ఎవరికీ కోపం లేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. పాయింట్ మీద బండి నిలిపే ముందు చుట్టుపక్కల ఎండిన బావుల్లో ఏం పోస్తున్నారని అడిగేవాడిని. అదీ కమిటీలో ఉండే మనిషిని కాదు, ఆ చేనులో పొద్దంతా వంగి పనిచేసే మనిషిని. చమురు పడితే పేద దేశాలు ఏమవుతాయో చదువుకున్నవాళ్లు రాస్తారు. అది నాకు తెలియదు. పడిందని అనుకుంటేనే కలుపు పెరుగుతుంది. అది చూశాను.

ఆ శనివారం నీళ్లను మడిలోకి మళ్లించేటప్పుడు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: కాలువ ముందు నడిచిన బాలమ్మ, పార పట్టిన ఏసోబు, రాడ్లు విప్పుతున్న బుధ్‌రామ్, సుకులాల్, నేను. మాజీ సర్పంచ్ వెంకట్రాములు కూడా కాసేపు ఉన్నాడు. చమురుకని తెచ్చిన డబ్బాను నీళ్లతో నింపుకొని పోయాడు.