రెండు వేల ఐదు వందల ఇరవై చింతగింజలు

మా చిన్నప్పుడు... చెరుకు కోతలు మొదలయ్యాయంటే రుద్రూర్ పక్కనున్న మా ఊరి చివర గుడిసెలు లేచేవి. మహారాష్ట్ర వైపు నుంచి కోత కూలీలు పిల్లాజెల్లాతో ఎడ్లబండ్ల మీద వచ్చేవారు. సాయంత్రమైతే చాలు, వాళ్ళ పిల్లలూ మేమూ కలిసి మా ఇంటి అరుగు మీద చింతగింజల ఆట...

ఆడాలంటే ముందు గింజలు పంచాలి. తంటా అంతా అక్కడే! ఒకరోజు ఏడుగురం, మర్నాడు తొమ్మిది మందిమి. ఎప్పుడూ ఒకటో రెండో మిగిలేవి. అవి నాకంటే నాకని జుట్లు పట్టుకునేవాళ్ళం. ఒకరు తగ్గితే సరిపోతుందేమో అని లెక్క చూసేవాళ్ళం.

కూలీల పిల్లల్లో మంగల్ అని నా ఈడుది ఒకతి ఉండేది. గొడవ మొదలవగానే, ఎవరూ చెప్పకముందే తనే లేచేది. "మీరాడుండ్రి" అని వచ్చీరాని తెలుగులో అనేసి మెట్టు మీద కూర్చునేది. ఆటయ్యేదాకా అక్కడే నవ్వుతూ చూసేది... ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మా అక్కకు లెక్కలంటే పిచ్చి. ఓ రోజు ఉండబట్టలేక మంగల్ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు లేవకు. ఎంతమందొచ్చినా సమానంగ వచ్చే లెక్క నేను తీస్త. గప్పుడు ఎవ్వలు లేసే పనుండదు."

బండ మీద బొగ్గుతో మొదలుపెట్టింది. ఒకటి నుంచి పది దాకా దేంతో భాగించినా ఏమీ మిగలకూడదు. ఎనిమిది ఉంటే రెండు, నాలుగు వేరే అక్కర్లేదు. తొమ్మిది ఉంటే మూడు అక్కర్లేదు. ఆరూ పదీ వాటంతట అవే వస్తాయి. ఎనిమిది, తొమ్మిది, ఐదు, ఏడు... గుణిస్తే 2520. అంతకన్నా చిన్న సంఖ్య ఏదీ పనికిరాదని తేల్చేసింది.

"పదిమందొస్తే?" అంది మంగల్.

"తలా రెండు వందల యాభై రెండు. ఒక్కటి గూడ మిగలది."

బడి మొహం చూడని పిల్ల, ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

అప్పుడే కొత్త చింతపండు వచ్చింది. ఇంటింటికీ తిరిగి గింజలు అడుక్కొచ్చాం. మంగల్ కూడా ఒళ్ళో పోసుకొచ్చి మా డబ్బాలో వేసేది. నిండేదాకా ఎవరూ ముట్టొద్దని అక్క ఆజ్ఞ.

సంఖ్య నిండిన పొద్దున డబ్బా ఎత్తుకుని గుడిసెల దగ్గరికి పరుగెత్తాం. కోతలైపోయి, తెల్లవారుజామునే బండ్లు వెళ్ళిపోయాయట. పొయ్యిల్లో బూడిద తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చి ఇద్దరం పంచుకున్నాం. చెరి పన్నెండు వందల అరవై. సరిగ్గా సరిపోయింది... ఆడబుద్ధి కాలేదు.

మా మొహాలు చూసి అవ్వ సంగతి అడిగింది. అక్క లెక్కంతా చెప్పింది. అవ్వ విని, "మిగిలిన గింజలు పక్కకు పెట్టి ఆడుకోవచ్చు గద బిడ్డా... పోరి లేసుడెందుకు?" అంది.

అక్క అక్కడే కూలబడి ఏడ్చింది.

మరుసటేడు వేరే కుటుంబాలు వచ్చాయి, మంగల్ రాలేదు. ఇప్పుడు మా వైపు చెరుకే తక్కువ, ఆ బండ్లూ రావు. నిజామాబాద్‌లో ఉన్న అక్క, ఈ మాటెత్తితే నేటికీ "గంత చిన్న ముచ్చట నాకెందుకు తట్టలేదే?" అంటుంది.

మీతో ఆడుకుని, చెప్పకుండానే వెళ్ళిపోయిన నేస్తాలు మీకూ ఉంటే వాళ్ళ పేరూ ఊరూ ఇక్కడ రాయండి... లెక్కంతా చేసిన మేము, మంగల్‌ది ఏ ఊరని ఒక్కసారైనా అడగలేదు.