గొళ్ళెం మూలలో ఒక మిల్లీమీటరు

కోవిడ్‌కు నాలుగేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి నెలలో, నన్ను సిడ్నీ పశ్చిమాన ఉన్న మా ప్లాస్టిక్ మౌల్డింగ్ కర్మాగారానికి మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరుగా వేశారు. అదే నా చివరి పోస్టు. హోదాలో నా పైన ప్లాంట్ మేనేజర్ ఒక్కరే. నా కింద పదకొండు మౌల్డింగ్ యంత్రాలు, వాటికి ఉక్కు అచ్చులు తయారుచేసే ఒక టూల్‌రూమ్. టూల్‌రూమ్‌కు పెద్ద గ్రెగ్. ఇక్కడ ఆ హోదాను లీడింగ్ హ్యాండ్ అంటారు. ఫోర్‌మన్ కంటే ఒక మెట్టు కింద, మిగతా పనివాళ్ల కంటే ఒక మెట్టు పైన. ముప్పై ఏళ్లుగా ఉక్కు అరగదీస్తున్న మనిషి, మాటలు తక్కువ.

వయసు మళ్లినవాళ్లకు, ఆపరేషన్లు అయినవాళ్లకు పనికొచ్చే వస్తువులు మేం చేసేవాళ్లం. స్నానాల గదిలో వేసుకునే కుర్చీలు, గోడకు బిగించే పట్టుకడ్డీలు, మడిచి కారులో పెట్టుకునే వాకర్లు. గీసేవాళ్లు నగరం మధ్యలో పన్నెండో అంతస్తులో ఉండేవారు. చేసేవాళ్లం మేం. మధ్య దూరం రైల్లో గంట కూడా లేదు. అయినా డిజైన్ విభాగం నుంచి మా షెడ్డులోకి అడుగుపెట్టిన మనిషిని నేను చూడలేదు. వాళ్లు రారు, మేం పిలవం. ఇందులో మా పొగరు కూడా ఉందని ఒప్పుకోవాలి.

నా పని చెప్పడానికి తేలిక. గీసిన వస్తువు చేయడానికి వీలవుతుందా, చేశాక నిలుస్తుందా అని చూడటం. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి తోస్తాం. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోయి ఉక్కును పట్టుకుంటుంది. అందుకని గోడలు ఒకే మందంలో ఉండాలి, పక్కలు కాస్త వాలుగా ఉండాలి, లోపలి మూలలు గుండ్రంగా తిరగాలి. మూల పదునుగా ఉంటే వస్తువు మీద పడిన బలమంతా అక్కడికే చేరి, కొన్నాళ్లకు అక్కడే చీలుతుంది. మా వృత్తిలో ఇది మొదటి వారం పాఠం. డిజైన్ కోర్సుల్లో ఎన్నో వారం చెబుతారో, అసలు చెబుతారో లేదో నాకు తెలియదు.

ఆ ఏడాది వాకర్‌కు కొత్త గొళ్ళెం వచ్చింది. అరచేతిలో ఇమిడే నైలాన్ ముక్క. వాకర్ తెరిచినప్పుడు కాళ్లు మళ్లీ ముడుచుకోకుండా వాటి పిన్‌ను పట్టి ఉంచేది అదే. డ్రాయింగ్ కింద గీసినవారి పేరు హారిక అని ఉంది. నిజామాబాద్ వైపు అమ్మాయి, ఇక్కడే మాస్టర్స్ చేసింది, శాశ్వత నివాసపు పీఆర్ వచ్చి ఏడాది కాలేదు. వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాట్‌లో ఇద్దరు స్నేహితురాళ్లతో ఉండేది. తెలుగువాళ్ల భోజనాల దగ్గర ఒకసారి మా ఆవిడ పరిచయం చేసింది. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్నానని, ఈ ఉద్యోగం కోసం నూట ఇరవై అప్లికేషన్లు పెట్టానని ఆ రోజే చెప్పింది. గొళ్ళెం ఆమె మొదటి పని.

డ్రాయింగ్‌లో గొళ్ళెం చెయ్యి మొదలయ్యే చోట లోపలి మూల పక్కన ‘పదునుగా ఉండాలి’ అని ప్రత్యేకంగా రాసి ఉంది. ఫోన్ చేసి ఎందుకని అడిగాను.

“పాత గొళ్ళెం లూజ్‌గ ఊగుతుండె అంకుల్. కార్నర్ షార్ప్‌గ ఉంటే పిన్ టైట్‌గ కూర్చుంటది. త్రీడీ ప్రింట్ తీసి చూసిన, మంచిగనే పనిచేసింది. లోడ్ టెస్ట్ కూడా పాస్ అయింది” అంది.

ప్రింటర్ పొడిని కరిగించి పొరలు పొరలుగా కడుతుంది. ఆ పద్ధతిలో మూల తనంతట తానే కాస్త మొద్దుబారుతుంది. ఉక్కు అచ్చులో అలా జరగదు, గీసింది గీసినట్టే దిగుతుంది. రెండు పద్ధతులకూ ఉన్న ఈ తేడా చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు. “సరేనమ్మా, నేను చూసుకుంటాను” అన్నాను.

ఎందుకు చెప్పలేదో చాలాసార్లు ఆలోచించాను. డ్రాయింగ్ మార్చాలంటే ఇంజనీరింగ్ ఛేంజ్ నోట్ అనే ఫారం పెట్టాలి. దాని మీద ఎనిమిది సంతకాలు కావాలి. కారణం అనే గడిలో ‘డిజైన్ లోపం’ అని రాయాలి. ప్రొబేషన్‌లో ఉన్న పిల్ల ఫైల్లోకి ఆ కాగితం వెళ్తుంది. ఇది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం నా పెంపకంలో ఉంది. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక లేత్ షెడ్డులో. అక్కడ పని చేయించుకునే పార్టీ తెచ్చిన బొమ్మలో తప్పుంటే మేస్త్రీ నోరు విప్పడు. చేత్తో సరిచేసి, సరైన ముక్క చేతికిస్తాడు. తెచ్చినవాడికి తప్పు చేసినట్టే తెలియదు. అది మర్యాద, అదే పనితనం అనుకునేవాళ్లం. నలభై ఏళ్లు, రెండు దేశాలు దాటినా నా బుర్ర ఆ షెడ్డులోనే ఉంది.

గ్రెగ్‌ను పిలిచి, అచ్చులో ఆ మూల దగ్గర ఉక్కు అంచును ఒక మిల్లీమీటరు గుండ్రంగా అరగదీయమన్నాను. పిన్ కూర్చోవడానికి అది అడ్డురాదని ముందే చూసుకున్నాను. గ్రెగ్ అచ్చు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఈజీ మేట్. దిస్ ఆర్వో అయిపోతుంది. మరి డ్రాయింగ్ ఎప్పుడు మారుస్తావ్?”

తర్వాత చూద్దామన్నాను. అతను భుజాలు ఎగరేసి వెళ్లిపోయాడు. ఆర్వో అంటే ఇక్కడివాళ్ల యాసలో మధ్యాహ్నం. అన్నట్టే మూడింటికల్లా పని అయిపోయింది.

కొత్త అచ్చు నుంచి వచ్చిన మొదటి ముక్కలకు ఫస్ట్ ఆర్టికల్ రిపోర్ట్ రాయాలి. డ్రాయింగ్‌లోని ప్రతి కొలతకూ ఒక నంబరు వేసి, ముక్క మీద కొలిచి, పక్కన ఫలితం రాయడమే ఆ రిపోర్ట్. ఇరవై మూడో అంశం ఆ మూల. ఒక మిల్లీమీటరు గుండ్రం ఉందని రాస్తే ముక్క తిరస్కరణకు గురవుతుంది. ‘సరిపోయింది’ అని రాసి సంతకం పెట్టాను. హారిక ప్రొబేషన్ పూర్తయింది. ఆ దీపావళికి మిఠాయి డబ్బా తెచ్చి, అంకుల్ చేసిన రివ్యూలో తన మొదటి డ్రాయింగే ఓకే అయిందని మా ఆవిడతో మురిసిపోయింది. నేను కూడా మురిసిపోయాను, సిగ్గులేకుండా.

మూడేళ్లలో వేల గొళ్ళేలు వెళ్లాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, దాని వెనకే మా కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు కబురు వచ్చింది. తయారీ విదేశానికి పోయింది. మా అచ్చు అరిగిపోయి ఉంది, ఒకసారికి ఒక ముక్కే ఇచ్చేది. అక్కడివాళ్లు నాలుగు ముక్కల అచ్చు కొత్తగా చేసుకుంటామన్నారు. వాళ్లకు డ్రాయింగ్, కంప్యూటర్ మోడల్, నా రిపోర్ట్ పంపారు. మా అచ్చు తుక్కులోకి వెళ్లింది. గ్రెగ్ తన పెట్టె సర్దుకుని ఉత్తరాన ఎక్కడికో వెళ్లిపోయాడు. నేను రిటైరై స్కోఫీల్డ్స్‌లో మా అమ్మాయి ఇంటి పక్క వీధిలో స్థిరపడ్డాను.

రెండేళ్ల తర్వాత కంపెనీ క్వాలిటీ మేనేజర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కొత్త గొళ్ళేలు కొన్ని విరుగుతున్నాయి, ముడిసరుకు మీద అనుమానం ఉంది, సిడ్నీలో తయారైనప్పుడు పద్ధతిలో ఏదైనా తేడా ఉండేదా అని అడిగాడు. అంతా రిపోర్ట్‌లో ఉన్నట్టే అని బదులిచ్చాను. అబద్ధమాడాలని కాదు. ఆ మూల సంగతి నాకు గుర్తే రాలేదు. నాకు అంత చిన్న పని అది. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

వాళ్లు నాలుగు నెలలు ముడిసరుకును పరీక్షిస్తూ కూర్చున్నారు. ఆ నాలుగు నెలలూ వాకర్ల అమ్మకం ఆగలేదు. ఆ మధ్యలోనే ఎనభై దాటిన ఒక పెద్దావిడ తన వంటింట్లో వాకర్ పట్టుకుని నిలబడి ఉండగా గొళ్ళెం విరిగింది. ఆవిడ కింద పడి తుంటి ఎముక విరిగింది. ఆవిడ మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదని, వృద్ధాశ్రమంలో చేర్చారని తర్వాత తెలిసింది.

అప్పుడు నన్ను విచారణ సమావేశానికి పిలిచారు. బల్ల మీద రెండు గొళ్ళేలు నిలువునా కోసి పెట్టారు. ఒకటి మాది, ఒకటి కొత్తది. మా దాని మూల గుండ్రంగా ఉంది. కొత్తది డ్రాయింగ్‌లో ఉన్నట్టు పదునుగా ఉంది. విదేశీ కర్మాగారం ఏ తప్పూ చేయలేదు. మా కాగితం చెప్పింది చెప్పినట్టు చేసింది.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎందుకు రాయలేదని క్వాలిటీ మేనేజర్ అడిగాడు. అమ్మాయి ప్రొబేషన్‌లో ఉందని, ఇబ్బంది పడుతుందని అన్నాను. హారిక నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఏడేళ్లకు సీనియర్ డిజైనర్ అయింది. ఆమె నా వైపు కాకుండా కోసిన ముక్కల వైపే చూసింది.

మూలకారణం డిజైన్ లోపమని నివేదికలో రాశారు. నా తప్పును దోహదపడిన కారణం కింద చేర్చారు. రిటైరైన మనిషిని ఎవరు ఏం చేస్తారు? ఆమెకు మాత్రం డ్రాయింగుల మీద సంతకం చేసే అధికారం తీసేశారు. ఆ అధికారం లేని డిజైనర్ మా రంగంలో గుమాస్తాతో సమానం. రెండు నెలలకు రాజీనామా చేసింది. ఇప్పుడు కాన్‌బెర్రాలో హారిసన్ అనే పేటలో ఉంటూ ఏదో ఆఫీసులో ఫారాలు చూస్తోంది. మళ్లీ గీయనని చెప్పిందట.

రాజీనామా చేసిన వారంలో నాకు ఫోన్ చేసింది. క్షమించమని అడగబోయాను. వినలేదు.

“ఒక్క ముచ్చట చెప్తా అంకుల్. నా మొదటి డ్రాయింగ్ ఓకే అయింది కదా, అందుకే షార్ప్ కార్నర్ కరెక్టే అనుకున్న. ఆ తర్వాత ఇంకో తొమ్మిది పార్టులల్ల అట్లనే గీసిన. సిడ్నీల చేసినన్ని రోజులు ఒక్కటి కూడా విరగలే. పాత పీసులు తెప్పించి నిన్న అన్నీ చూసిన. తొమ్మిదింటిల గుండ్రంగనే ఉన్నయి.”

గ్రెగ్‌కు నేను ఒక్కసారే చెప్పాను. ఆ తర్వాత ఎక్కడ పదును మూల కనిపించినా అతను నన్ను అడగకుండానే అరగదీస్తూ వచ్చాడు. నేను అడగకుండానే సంతకాలు పెడుతూ వచ్చాను. ఆ తొమ్మిది డ్రాయింగులు కూడా విదేశానికి వెళ్లాయి. వాటి జాబితా రాసి, ఒక్కొక్కదాని పక్కన మూల ఎక్కడుందో గుర్తు పెట్టి, కంపెనీకి పంపాకే బయటికి వచ్చానని ఆమె చెప్పింది. ఆ మాటతో ఫోన్ పెట్టేసింది. తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది చెప్పి ముగిస్తాను. డ్రాయింగ్‌లో తప్పు కనిపిస్తే గీసిన మనిషిని షెడ్డుకు పిలవాలి. యంత్రం ముందు నిలబెట్టి, వేడి ముక్క చేతికిచ్చి, మూల ఎందుకు చీలుతుందో చూపించాలి. మార్పు కాగితం మీదికి ఎక్కాకే ఉక్కు మీద చెయ్యి వేయాలి. హారికకు అదంతా చూపించడానికి నాకు ఒక పూట పట్టేది.