బాబాయ్‌కి మళ్లీ డౌటొచ్చింది

మా చెకింగ్ బాబాయ్ ఈ లోకంలో దేన్నీ నమ్మడు. పొద్దున్నే కిటికీలోంచి వెలుగు మొహాన పడ్డా సరే, తెల్లారిందని ఒప్పుకోడు. గడియారం చూస్తాడు. తర్వాత ఫోన్ చూస్తాడు. రెండూ ఒకే టైం చూపిస్తే డౌట్ ఇంకా పెరుగుతుంది, రెండూ కూడబలుక్కున్నాయేమో అని.

బాబాయ్ అంటే నాకు సొంత బాబాయ్ కాదు. డిగ్రీ అవగానే నేను చేరిన చొక్కాల కంపెనీలో చెకింగ్ బల్ల ఆయనది. కుట్టడం అయిపోయిన ప్రతి చొక్కా ఆయన చేతుల్లోంచి పోవాల్సిందే. గుండీలు లాగుతాడు, జేబులో పిడికిలి దూర్చి కుమ్ముతాడు, కాలర్ని లైటుకి ఎత్తిపట్టి దొంగని చూసినట్టు చూస్తాడు. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి ఆ చెయ్యి ఇంక ఆగట్లేదు, చొక్కాలో మనిషి ఉన్నా సరే. నేను చేరిన రోజు పలకరించడానికి వచ్చి నా పైగుండీ లాగాడు. ఊడొచ్చింది. "చూశావా" అని దాన్ని నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అదీ మా పరిచయం. ఆ రోజంతా కాలర్ పట్టుకుని కూర్చున్నా.

ఆయనతో టీ తాగడం ఓ పరీక్ష. నా గ్లాసులో ఎక్కువ పోశారని డౌటొచ్చి మార్చుకుందాం అంటాడు. సరే అని ఇచ్చేస్తే చెయ్యి మధ్యలో ఆగిపోతుంది. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నావని అడిగి, తన గ్లాసు తనే లాక్కుంటాడు. ఇంట్లో పిన్ని బాధ ఇంకో రకం. ఉప్పు డబ్బా మీద ఉప్పని పెద్దక్షరాలతో రాసిపెట్టినా వేలు ముంచి నాకి చూస్తాడట. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ అందులో ఉప్పే ఉందండీ అని పిన్ని మొత్తుకుంటే, "నిన్నటిదాకా ఉంది. ఇవాళ్టి సంగతి చెప్పు" అంటాడట.

ఇలాంటి మనిషితో వానలో కొండెక్కాను నేను. ఎందుకెక్కానంటే కటింగ్ మాస్టర్ కోసం.

మాస్టర్, బాబాయ్ కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఒకేసారి కంపెనీలో చేరారు. వానలు బాగా పట్టాక ఓ ఆదివారం కొండ మీది గుడికి నడిచెళ్లడం అప్పట్నుంచీ వాళ్ల అలవాటు. ఈ ఏడు మాస్టర్ ఊపిరితిత్తులకి నెమ్ము చేసి చాన్నాళ్లు మంచాన పడి లేచాడు. తిరిగొచ్చాక ఆయన్ని ఎవరూ మామూలుగా బతకనివ్వట్లేదు. గుడ్డ తాను ఎత్తబోతే ముగ్గురు పరిగెత్తుకొస్తారు. కత్తెర పట్టుకుంటే చాలు, ఆయాసంగా ఉందా మాస్టర్ అంటారు. ఓ రోజు భోజనాల దగ్గర ఆయనకి తిక్కరేగింది.

"ఆదివారం గుడి తలుపులు మూసేలోపు నా కాళ్లతో నేను పైకెక్కుతా. దారిలో ఎవడైనా ఎలా ఉందని అడిగాడో, అక్కణ్నుంచే వెనక్కి. ఎక్కలేకపోతే సోమవారం కత్తెర బల్ల మీద పెట్టేసి ఇంటికి పోతా."

మాస్టర్ మాటంటే మాటే. ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి. ఆ కత్తెర ఎప్పుడు ఖాళీ అవుతుందా అని బాబాయ్ బావమరిది ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్నాడు.

ఆదివారం సన్నగా మొదలైన వాన కొండ కిందికి వెళ్లేసరికి దంచుతోంది. మాస్టర్, బాబాయ్, నేను, ఇస్త్రీ సెక్షన్ అన్న, నలుగురం. గుడి తలుపులు మధ్యాహ్నం మూసేస్తారు. టైం చాలా ఉందని హుషారుగా బయల్దేరాం. కాస్త ఎక్కామో లేదో, వెనక మాస్టర్ చిన్నగా దగ్గాడు. ముందు నడుస్తున్న బాబాయ్ టక్కున ఆగాడు. గుడికి దారి అని బాణం గుర్తున్న బోర్డు మీద డౌటొచ్చింది.

"ఈ బోర్డు పెట్టిందెవరు? గుడివాళ్లా, పైన కొట్టు పెట్టుకున్నవాళ్లా?"

ఉన్నది ఒక్కటే దారి కదా అన్నాడు అన్న. ఒక్కటే దారి ఉన్నచోట బోర్డెందుకు, అదే నా డౌట్ అన్నాడు బాబాయ్. ఆయన బోర్డు చుట్టూ తిరిగి, ఊపి, వెనక గోకి, చివరికి సరే పదండి అన్నాడు.

తర్వాత మేక. మాకంటే ముందే ఎక్కుతున్న ఓ తడిసిన మేక, మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంది. ఎందుకు తప్పుకుందో తేలేదాకా కదలనన్నాడు. తర్వాత మంచు కమ్మి గుడి కనపడకుండా పోయింది. ఇంక చూడండి. గొడుగేసుకుని దిగుతున్న ఒకావిణ్ణి ఆపాడు.

"అమ్మా, పైన గుడి ఉందా?"

"ఉంది బాబూ."

"మీరు చూశారా?"

"దర్శనం చేసుకునే వస్తున్నా."

"మీరు దిగడం మొదలెట్టినప్పుడు కూడా ఉందా?"

ఆవిడ గొడుగు అడ్డం పెట్టుకుని గబగబా దిగిపోయింది. అన్న పళ్లు నూరుతున్నాడు. టైం కరిగిపోతోంది. అప్పుడు నాకొచ్చింది డౌట్. అంటుజబ్బు కదా. ఈయన కావాలనే ఆలస్యం చేస్తున్నాడా? తలుపులు మూసేస్తే మాస్టర్ కత్తెర దించేస్తాడు, బావమరిది ఎత్తుకుంటాడు. ఛ అనుకున్నా. ఆలోచించేకొద్దీ ఛ అనిపించడం తగ్గింది. అక్కణ్నుంచి కొండని చూడటం మానేసి బాబాయ్‌నే చూడటం మొదలెట్టా.

దారిలో ఓ వాగు అడ్డమొచ్చింది. దాని మీద రెండు చెక్కలు, అవీ నాని ఊగుతున్నాయి. కింద నీళ్లు ఎర్రగా ఉరుకుతున్నాయి. ఈ ప్రపంచంలో డౌట్ పడాల్సిన వస్తువంటూ ఒకటుంటే అదే. బాబాయ్ కన్నెత్తైనా చూడకుండా టకటకా దాటేశాడు. మాస్టర్ కూడా సాఫీగా దాటాడు. అవతల కొంచెం ఎక్కాక మళ్లీ ఆ చిన్న దగ్గు. బాబాయ్ ఆగిపోయి దారి పక్క బండ మీద చెయ్యేశాడు. అది గదంత ఉంది. కొండతో పాటే పుట్టుంటుంది.

"ఇది దొర్లేలా ఉంది. అందరూ ఆగండి" అని దానికి చెవి ఆనించాడు.

చెవి బండకే ఉంది. కళ్లు మాత్రం మాస్టర్ ఛాతీ మీద ఉన్నాయి. మాస్టర్ గొంతులో పిల్లికూతలు వానలో కూడా వినిపిస్తున్నాయి. ఆయన మాత్రం బాబాయ్‌ని తిట్టుకుంటూ దర్జాగా నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. పిల్లికూతలు ఆగాయి. బాబాయ్ చెవి తీసి, గట్టిదే, పదండి అన్నాడు.

బోర్డు, మేక, గొడుగావిడ, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు తిరిగాయి.

చివరి మలుపులో గుడి కనిపించింది. తలుపులు ఇంకా తీసే ఉన్నాయి. మాస్టర్ మళ్లీ దగ్గాడు. బాబాయ్ ఆగి అటూ ఇటూ చూశాడు. డౌట్ పడటానికి అక్కడేం లేదు. తిన్నని గచ్చు దారి, చెట్టు లేదు, రాయి లేదు, మేక కూడా లేదు. జన్మలో మొదటిసారి ఆయనకి దేనిమీదా డౌట్ రావట్లేదు. మొహంలో కంగారు చూశా.

"బాబాయ్, నా గుండీలు వదులైనట్టున్నాయి" అన్నా.

నావైపు పరీక్షగా చూశాడు. ఆ తర్వాత పైనుంచి కిందిదాకా ఒక్కో గుండీ తీరిగ్గా లాగాడు. కింది గుండీ అయ్యాక మణికట్టు గుండీలు కూడా. రెండు ఊడాయి, వానలో ఛాతీ బయటపెట్టుకుని నిలబడ్డా.

పూజారి తలుపు దగ్గరికేస్తుండగా మాస్టర్ లోపల అడుగుపెట్టాడు. దణ్ణం పెట్టుకుని, మెట్టు మీద కూలబడి, బాబాయ్‌ని కడిగేశాడు.

"నీ దిక్కుమాలిన డౌట్లు లేకపోతే ఎప్పుడో వచ్చేసేవాణ్ణి రా."

"వచ్చేవాడివేనా అని నా డౌటు" అన్నాడు బాబాయ్, గుడి స్తంభాన్ని తట్టి చూస్తూ.

దిగేటప్పుడు బాబాయ్, అన్న ముందు పడ్డారు. నా నోరు ఊరుకోలేదు. మీరు గమనించారో లేదో మాస్టర్, మీకు ఆయాసం వచ్చినప్పుడల్లా బాబాయ్ కావాలనే, అని మొదలెట్టా. మాస్టర్ నా భుజం మీద చెయ్యేసి ఆపాడు.

"ఎప్పుడు ఆగాలో వాడికెలా తెలిసిందనుకున్నావ్? ప్రతిసారీ నేనే కదా దగ్గింది."

నేను నోరు తెరిచేలోపు కన్నుగీటాడు.

"వాడికి మాత్రం చెప్పకు. చెప్పినా నమ్మడనుకో."